చిన్న పట్టణాల్లో ఇళ్ల కొరత, జనసాంద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్ల కొరత అనగానే అందరి చూపూ మహానగరాల మీదికే పోతుంది. కానీ ఐక్యరాజ్యసమితి 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో పట్టణాల్లో ఉండేవాళ్లలో దాదాపు సగం మంది 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలోనే ఉన్నారు. కోటి దాటిన మహానగరాల్లో ఉండేది ఎనిమిది మందిలో ఒకరు. అంటే మనం మాట్లాడని చోటే ఎక్కువమంది బతుకుతున్నారు. ఈ విషయం మీద నన్ను పదే పదే అడిగే ప్రశ్నలన్నిటికీ ఒకచోట జవాబు రాద్దామని కూర్చున్నాను. కొన్నిటికి పొడుగు జవాబులున్నాయి, ఓపిక చేసుకుని చదవండి.

ఊరి చుట్టూ ఇంత ఖాళీ స్థలం ఉండగా ఇళ్ల కొరత ఏమిటి?

అందరికీ మొదట వచ్చే అనుమానం ఇదే. ఖాళీ నేల వేరు, ఇల్లు కట్టుకోగలిగిన స్థలం వేరు. రోడ్డు, నీళ్ల పైపు, డ్రైనేజీ, కరెంటు, దగ్గర్లో బడి, ఆసుపత్రి, పనికి వెళ్లడానికి బస్సు ఉంటేనే ఆ నేల ఇంటి స్థలం అవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా అక్కడ ఇల్లు కట్టొచ్చు గానీ కాపురం ఉండటం కష్టం. చిన్న ఊళ్లలో కొరత నేలకు కాదు, వసతి ఉన్న నేలకు. ఆ వసతి ఉన్న కాస్త నేల మీద ఎన్ని ఇళ్లు కట్టనిస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

మా ఊరి జనాభా పెద్దగా పెరగలేదు. మరి ఇళ్లెందుకు చాలట్లేదు?

ఇళ్లలో ఉండేది జనాభా కాదు, కుటుంబాలు. చిన్న లెక్క వేసి చూడండి. 10,000 మంది ఉన్న ఊళ్లో ఇంటికి ఐదుగురు చొప్పున ఉంటే 2,000 ఇళ్లు చాలు. నలుగురైతే 2,500 కావాలి. ముగ్గురైతే 3,300 పైనే. ఊరి జనాభాలో ఒక్కరు కూడా పెరగకుండానే వెయ్యికి పైగా ఇళ్లు అదనంగా కావాల్సి వచ్చాయి.

ప్రపంచంలో చాలా దేశాల్లో జరుగుతున్నది ఇదే. పిల్లలు తక్కువమంది పుడుతున్నారు, పెళ్లిళ్లు ఆలస్యం అవుతున్నాయి, పెద్దవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారు, వేరు కాపురాలు పెరిగాయి, ఒంటరిగా ఉండేవాళ్లూ పెరిగారు. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఐదు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల నొప్పులు వచ్చాక మేడ మీద మూడు గదులకీ తాళం వేసింది. వర్షాకాలం ముందు పనిమనిషి వెళ్లి కిటికీలు తుడిచి వస్తుంది, అంతే. లిఫ్టు ఉన్న చిన్న ఫ్లాటు అదే వీధిలో దొరికితే రేపే మారిపోతానంటుంది. ఆ వీధిలో అలాంటి ఫ్లాటు ఒక్కటీ లేదు, ఎందుకంటే అక్కడ కట్టనివ్వరు. ఆవిడ మారితే ఐదు గదుల ఇంట్లోకి పిల్లలున్న కుటుంబం వచ్చేది. ఒక చిన్న ఫ్లాటు లేకపోవడం వల్ల రెండు కుటుంబాలు ఇబ్బంది పడుతున్నాయి.

తాళాలు వేసిన ఇళ్లు బోలెడు ఉన్నాయి కదా. అవి అద్దెకిస్తే కొరత తీరదా?

కొంత తీరుతుంది, అంతా తీరదు. ఖాళీ ఇళ్లూ కొరతా పక్కపక్కనే ఉండటం వింతేమీ కాదు. భారతదేశంలో 2011 జనగణనలో పట్టణ ప్రాంతాల్లో 1.1 కోట్ల ఖాళీ ఇళ్లు తేలాయి. మరుసటి ఏడాదే ప్రభుత్వ సాంకేతిక బృందం పట్టణాల్లో 1.87 కోట్ల ఇళ్ల కొరత ఉందని లెక్క చెప్పింది, అందులో 95 శాతం పైగా పేద, అల్పాదాయ కుటుంబాలకు కావాల్సినవే. జపాన్‌లో 2023 సర్వేలో 90 లక్షల ఖాళీ ఇళ్లు లెక్కకొచ్చాయి, మొత్తం ఇళ్లలో 13.8 శాతం. ఖాళీల శాతం ఎక్కువగా ఉండేది పని దొరకని పల్లెల్లో, జనం తగ్గిపోతున్న ఊళ్లలో. ఉద్యోగం ఒక చోట, ఖాళీ ఇల్లు ఇంకో చోట ఉంటే ఆ ఇల్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఐర్లండ్ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 2008 ఆర్థిక సంక్షోభం ముందు అక్కడ ఎడాపెడా కట్టారు, డిమాండ్ లేని చిన్న ఊళ్ల శివార్లలో కూడా. 2010లో లెక్కిస్తే సగంలో ఆగిపోయిన హౌసింగ్ ఎస్టేట్లు 2,800 పైగా తేలాయి. ఆ దెబ్బకి కట్టడమే ఆగిపోయింది, 2013లో దేశం మొత్తం మీద పూర్తయిన కొత్త ఇళ్లు 5 వేల లోపే. ఆ తర్వాత కొన్నేళ్లకే తీవ్రమైన కొరత. ఎక్కువ కట్టడం, తక్కువ కట్టడం రెండూ ఒకే దేశంలో పదేళ్ల తేడాలో జరిగాయి. కాబట్టి ఎన్ని ఇళ్లు అన్నదానితో పాటు ఎక్కడ, ఎలాంటివి అన్నది కూడా అడగాలి.

చిన్న ఊళ్లలో అద్దెలు ఒక్కసారిగా ఎందుకు ఎగబాకుతాయి?

మార్కెట్ చిన్నది కాబట్టి. ఊళ్లో 4,000 అద్దె ఇళ్లు ఉన్నాయనుకోండి. ఏ సమయంలోనైనా వందకి రెండు ఖాళీగా ఉంటే 80 ఇళ్లు. ఒక ఫ్యాక్టరీయో కాలేజీయో వచ్చి 200 కుటుంబాలను తెచ్చిందంటే ఆ 80 ఇళ్లూ నెల తిరక్కుండానే అయిపోతాయి. మిగతా 120 కుటుంబాలు ఇప్పటికే ఎవరో ఉంటున్న ఇళ్ల కోసం ఎక్కువ అద్దె ఇస్తామని అడుగుతారు. ఓనరు పాత అద్దెదారుకి ఫోన్ చేస్తాడు. అంతవరకు టెన్షన్ లేకుండా పదేళ్లుగా ఉంటున్న మేస్త్రీ, నర్సు, టీచరు ఇళ్లు వెతుక్కోవడం మొదలుపెడతారు. కోటి జనాభా నగరంలో 200 కుటుంబాలు వచ్చినా ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఇంకో సంగతి, వచ్చేవాళ్ల జీతాలు పెద్ద నగరం లెక్కల్లో ఉంటాయి, ఉన్నవాళ్ల జీతాలు ఊరి లెక్కల్లో ఉంటాయి. ఇంటి నుంచి పని మొదలయ్యాక ఇది బాగా కనిపించింది. వచ్చినవాళ్లను తిట్టడం నాకు నచ్చదు, వాళ్లూ ఎక్కడో అద్దె కట్టలేకే వచ్చి ఉంటారు. తప్పంతా ఇళ్లు పెరగకపోవడంలో ఉంది.

డిమాండ్ అంత ఉంటే బిల్డర్లు ఎందుకు కట్టరు?

ఒక్కో ఊళ్లో ఒక్కో కారణం, కానీ నాలుగైదు ఎక్కడైనా కనిపిస్తాయి.

మొదటిది బ్యాంకు. ఇల్లు కట్టడానికి అయ్యే ఖర్చు చిన్న ఊళ్లో కూడా దాదాపు నగరంలో అయినంతే, ఎందుకంటే సిమెంటు, ఇనుము, లిఫ్టు రేటు ఊరిని బట్టి పెద్దగా మారదు. కొన్నిసార్లు రవాణా కలిసి ఎక్కువే అవుతుంది. కానీ కట్టాక దానికి బ్యాంకు వేసే విలువ చుట్టుపక్కల పాత ఇళ్ల రేటును బట్టి ఉంటుంది. కట్టుబడి ఖర్చు వంద అయితే విలువ ఎనభై అని రాస్తే ఆ ఇరవై ఎవరు పెట్టాలి? అక్కడే చాలా ప్రాజెక్టులు ఆగిపోతాయి, కాగితం దాటవు.

రెండోది, కట్టేవాళ్లే తగ్గిపోయారు. అమెరికాలో 2005లో 20 లక్షల పైచిలుకు ఇళ్లు కట్టడం మొదలుపెడితే 2009లో ఆ సంఖ్య 5.54 లక్షలకు పడిపోయింది. అలాంటి దెబ్బ తగిలినప్పుడు పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి, ఏడాదికి ఐదారు ఇళ్లు కట్టే చిన్న బిల్డరు మూసేస్తాడు. చిన్న ఊళ్లకు దిక్కు అతనే. అతను పోయాక ప్లంబరు, ఎలక్ట్రీషియన్ కూడా వేరే ఊళ్లు చూసుకుంటారు. మళ్లీ డిమాండ్ వచ్చినప్పుడు పనివాళ్లను బయటి నుంచి రప్పించాలి, ఆ పనివాళ్లు ఉండటానికి ఊళ్లో ఇళ్లు ఉండవు!

మూడోది మురుగునీటి శుద్ధి ప్లాంటు. దాని సామర్థ్యం నిండిపోతే కొత్త కనెక్షన్లు ఇవ్వరు. కొత్త ప్లాంటు కట్టాలంటే చిన్న మున్సిపాలిటీ దగ్గర డబ్బుండదు. ఈ ఒక్క కారణంతో ఏళ్ల తరబడి ఆగిన ఊళ్లు చాలా దేశాల్లో ఉన్నాయి, కానీ మురుగు గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక ప్లాన్లు పరిశీలించే సిబ్బంది. ఒకే ఇంజినీరు రోడ్లు, నీళ్లు, ప్లాన్లు అన్నీ చూసే ఊళ్లో ఫైలు కదలడానికి నెలలు పడుతుంది, ఆ నెలలకి వడ్డీ కట్టేది బిల్డరు, చివరికి భరించేది కొనేవాళ్లు.

జనసాంద్రత పెంచడం అంటే ఇరవై అంతస్తుల టవర్లేనా?

అస్సలు కాదు. ఈ అపోహ పోతే సగం గొడవ తీరుతుంది. పారిస్ నగరంలో చదరపు కిలోమీటరుకు సుమారు 20,000 మంది ఉంటారు, అక్కడ ఎక్కువ భవనాలు ఆరేడు అంతస్తులవే. చిన్న పట్టణానికి అంత కూడా అక్కర్లేదు.

జర్మనీలో ఫ్రైబుర్గ్ అనే ఊరుంది, జనాభా రెండు లక్షల ముప్ఫై వేల చిల్లర. అక్కడ ఫ్రెంచ్ సైన్యం 1992లో ఖాళీ చేసిన బ్యారక్స్ స్థలంలో వౌబాన్ అనే పేట కట్టారు. దాదాపు 40 హెక్టార్లలో 5,500 మంది, అంటే చదరపు కిలోమీటరుకు 13 వేల పైనే. భవనాలు నాలుగైదు అంతస్తులు దాటవు. పాత చెట్లు ఉంచేశారు. కార్లు పేట అంచున ఉన్న గ్యారేజీల్లో పెట్టుకోవాలి, ఆ చోటుకు విడిగా డబ్బు కట్టాలి, కారు లేని కుటుంబం ఆ ఖర్చు నుంచి బయటపడుతుంది. చాలా భవనాలను కాబోయే నివాసులే గుంపుగా చేరి, స్థలం కొని, ఆర్కిటెక్టును పెట్టుకుని కట్టించుకున్నారు. 2006లో ట్రామ్ వచ్చింది. ఇళ్ల మధ్య వీధుల్లో పిల్లలు ఆడుకుంటారు. సాంద్రత అంటే నా మనసులో మెదిలేది ఈ బొమ్మే.

సాంద్రత పెరిగితే ఇరుకే కదా?

ఈ రెండు మాటల్నీ కలిపేయడం వల్ల చాలా నష్టం జరిగింది. సాంద్రత అంటే హెక్టారు నేల మీద ఎన్ని ఇళ్లు అన్నది. ఇరుకు అంటే ఒక గదిలో ఎంతమంది అన్నది. రెండంతస్తులు మించని వీధిలో ఒక్కో గదిలో ఆరుగురు ఉండొచ్చు, నాలుగంతస్తుల వీధిలో ఒక్కో మనిషికి ఒక్కో గది ఉండొచ్చు. ఇళ్లు కట్టనివ్వకపోతే జనం మాయమైపోరు, ఉన్న గదుల్లోనే సర్దుకుంటారు. మేడ మీద రేకుల షెడ్డు, పార్టిషన్ వేసిన హాలు, కిటికీ లేని పోర్షన్ ఇలాగే పుడతాయి. ఇరుకును తగ్గించాలంటేనే సాంద్రత పెంచాలి.

రూల్స్ నిజంగా అంత అడ్డమా? ఒక ఉదాహరణ చెప్పండి.

10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న స్థలం తీసుకోండి, 200 చదరపు మీటర్లు. ముందు 3 మీటర్లు, వెనక 2, రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున వదలాలన్నారనుకోండి. మిగిలేది 7 మీటర్లు ఇంటూ 15, అంటే 105 చదరపు మీటర్లు. దాదాపు సగం స్థలం ఎందుకూ పనికిరాని సందులైపోయింది. ఇప్పుడు నాలుగు చిన్న ఫ్లాట్లు కడదామంటే ఫ్లాటుకో కారు చోటు తప్పనిసరి అంటారు. ఒక్కో కారుకు తిప్పుకునే జాగాతో కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది, నాలుగింటికి వంద పైనే. అంటే కింది అంతస్తు మొత్తం కార్లకే సరి. దాని పైన రెండు అంతస్తులకు మించి ఒప్పుకోరంటే లెక్క తేలదు, ఓనరు విసిగిపోయి ఒకే ఒక్క పెద్ద ఇల్లు కట్టేసి ఊరుకుంటాడు. నలుగురికి సరిపోయే స్థలంలో ఒక్కరు.

ఏ పేటలో ఏం కట్టొచ్చో చెప్పే ఈ తరహా రూల్స్‌కి, అంటే జోనింగ్‌కి, చట్టబలం వచ్చింది కూడా ఒక చిన్న ఊరి కేసులోనే. అమెరికాలోని ఓహాయోలో యూక్లిడ్ అనే విలేజ్ మీద ఒక రియల్టీ కంపెనీ వేసిన దావాలో 1926లో సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పిచ్చింది. విడి ఇళ్లుండే పేటలో అపార్ట్‌మెంటు పరాన్నజీవి లాంటిదని ఆ తీర్పులో రాశారు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ల మీద ఈ చిన్నచూపు వందేళ్లుగా కాగితాల్లో నడుస్తూనే ఉంది, చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

గాలి, వెలుతురు, అగ్నిమాపక వాహనం దారి కోసం పెట్టిన రూల్స్ ఉండాల్సిందే. అవి ప్రాణాలకు సంబంధించినవి. ప్రతి ఇంటికీ ఇన్ని కార్ల చోటు, ఇంతకన్నా చిన్న స్థలంలో ఇల్లు కట్టకూడదు లాంటివే నేను ప్రశ్నించేది.

ఇలాంటి రూల్స్ ఎక్కడైనా మార్చారా? చిన్న ఊళ్లకు కూడానా?

మార్చారు. 2019లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 10,000 జనాభా దాటిన ఊళ్లలో విడి ఇల్లు కట్టుకోగల ప్రతి స్థలంలోనూ రెండిళ్లు కట్టుకోవచ్చంది, 25,000 దాటిన ఊళ్లలో నాలుగిళ్ల వరకు దారి తెరిచింది. అక్కడిదే మోంటానా రాష్ట్రం 2023లో 5,000 జనాభా ఊళ్లకే రెండిళ్ల చట్టం తెచ్చింది. అదే ఏడాది కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 5,000 దాటిన మున్సిపాలిటీల్లో స్థలం సైజును బట్టి మూడు, నాలుగు ఇళ్లకు అనుమతించాలని చట్టం చేసింది. న్యూజిలాండ్ 2020లో 10,000 మంది ఉన్న పట్టణాల దాకా పార్కింగ్ నిబంధన పెట్టకూడదని స్థానిక సంస్థలకు చెప్పేసింది.

వీటన్నిటిలో గమనించాల్సింది నిర్ణయం పైనుంచి వచ్చిందని. ఒక్క ఊరే మారిస్తే చుట్టుపక్కల ఒత్తిడంతా దాని మీదే పడుతుందని భయపడుతుంది, అందరికీ ఒకేసారి మారిస్తే ఆ భయం ఉండదు. రూల్ మారిన మర్నాడే ఇళ్లు మొలవవు, అది కూడా చెప్పాలి. పాత ఇల్లు అమ్ముడుపోవాలి, లోన్ రావాలి, మేస్త్రీ దొరకాలి. ఏళ్లు పడుతుంది.

నీళ్లు, డ్రైనేజీ తట్టుకుంటాయా?

ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి రెండు జవాబులున్నాయి. పైపుల సంగతికొస్తే సాంద్రతే చవక. 100 మీటర్ల వీధిలో రెండు పక్కలా 20 మీటర్ల వెడల్పు స్థలాలుంటే పది ఇళ్లు. ఇంటికి 10 మీటర్ల పైపు, 10 మీటర్ల రోడ్డు. అదే స్థలాల్లో నాలుగేసి ఇళ్లుంటే నలభై, ఇంటికి రెండున్నర మీటర్లు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ పైపు తుప్పు పట్టి మార్చాల్సి వచ్చినప్పుడు పది ఇళ్ల పన్నుతో మార్చడం ఎలాగో, నలభై ఇళ్ల పన్నుతో మార్చడం ఎలాగో మీరే ఊహించుకోండి. చుట్టూ లేఔట్లు వేసుకుంటూ పోయిన చిన్న మున్సిపాలిటీలు కుంగిపోయేది ఇక్కడే.

కానీ ప్లాంటు, నీటి వనరు వేరే లెక్క. మనుషులు పెరిగితే నీళ్లూ మురుగూ పెరుగుతాయి, ఎక్కడ కట్టినా సరే. ఆ సామర్థ్యం ముందే పెంచకుండా పర్మిషన్లు ఇచ్చుకుంటూ పోతే ట్యాంకర్ల మీద బతకాలి. ఈ విషయంలో అభ్యంతరం చెప్పేవాళ్లను ఎగతాళి చేయకూడదు.

ఊరి బయట చవకగా ఇళ్లు కట్టిచ్చేస్తే పోదా?

నేల చవక అని అక్కడ కడతారు, ఆ తేడా అంతా కాపురమున్నవాళ్లు రోజూ బస్సు చార్జీల్లో, పోయిన కూలి గంటల్లో కడతారు. చిలీలోని ఇకీకే ఊళ్లో దీనికి మంచి జవాబు దొరికింది. ఊరి నడిబొడ్డున అర హెక్టారులో సుమారు వంద కుటుంబాలు ముప్ఫై ఏళ్లుగా గుడిసెల్లో ఉండేవి. పేదల ఇళ్లకు మామూలుగా పెట్టే రేటుకు మూడింతలుంది అక్కడి నేల. ఆర్కిటెక్టు అలెహాంద్రో అరవేనా బృందం వాళ్లను ఊరి బయటికి పంపకుండా ఉన్నచోటే ఉంచాలని పట్టుబట్టి, ఉన్న డబ్బుతో సగం ఇల్లు మాత్రమే కట్టింది. వంటగది, బాత్రూమ్, మెట్లు, గట్టి గోడలు, అంటే సొంతంగా కట్టుకోవడం కష్టమైన భాగాలన్నీ వాళ్లే కట్టారు. పక్కనే ఖాళీ వదిలారు. 36 చదరపు మీటర్ల ఇంటిని కుటుంబాలు తమకు వీలైనప్పుడు 70 దాకా పెంచుకున్నాయి. 2004లో పూర్తయింది. హెక్టారుకు దాదాపు 200 ఇళ్ల సాంద్రత, మూడంతస్తులు దాటకుండా.

టూరిస్టులు, సెకండ్ హోమ్‌లు కొనేవాళ్ల వల్లే ఇదంతా అంటారు. నిజమేనా?

సముద్రం, కొండలు ఉన్న ఊళ్లలో చాలావరకు నిజమే. ఇంగ్లండ్‌లో సెయింట్ ఐవ్స్ అనే చిన్న తీర పట్టణంలో 2016లో జరిగిన ఓటింగులో 80 శాతం పైగా ఓటర్లు, కొత్త ఇళ్లు ఏడాది పొడవునా ఉండేవాళ్లకే అమ్మాలన్నారు. అయితే ఆ నిబంధన కొత్త ఇళ్లకే వర్తిస్తుంది, పాతవి ఎవరైనా కొనుక్కోవచ్చు, కాబట్టి ఆ తలుపు తెరిచే ఉంది. స్విట్జర్లాండ్ 2012 రెఫరెండంలో ఏ ఊళ్లోనైనా సెకండ్ హోమ్‌లు 20 శాతం దాటకూడదని హద్దు పెట్టింది.

నాకు ఎక్కువ నచ్చింది కెనడాలోని విస్లర్. స్కీయింగ్ ఊరు, డబ్బున్నవాళ్లు ఎగబడే చోటు. అక్కడ 1997లో హౌసింగ్ అథారిటీ పెట్టి, ఊళ్లో పనిచేసేవాళ్లలో కనీసం 75 శాతం ఊళ్లోనే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ ఇళ్లు అక్కడ పనిచేసేవాళ్లకే, తిరిగి అమ్మినా రేటుకు హద్దు ఉంటుంది. నిషేధంతో ఆగకుండా ఇళ్లు కట్టారు, తేడా అదే.

బిల్డర్లు కట్టేవన్నీ ఖరీదైన ఫ్లాట్లే. మామూలు వాళ్లకేం ఒరుగుతుంది?

కొత్త ఫ్లాటులోకి మారిన డాక్టరు తన పాత ఇల్లు ఖాళీ చేస్తాడు, అందులోకి టీచరు మారతాడు, టీచరు ఉన్న పోర్షన్ ఇంకొకరికి దొరుకుతుంది. ఈ గొలుసు నిజంగానే పనిచేస్తుంది, కానీ ఊళ్లో జనమే మారినప్పుడు. బయటివాళ్లు కొని తాళం వేస్తే మొదటి మెట్టు దగ్గరే తెగిపోతుంది. గొలుసు చివర ఉన్న రోజుకూలీ వరకు అది చేరడానికి చాలా కాలం పడుతుంది, వాళ్లను అంతవరకు ఆగమనడం అన్యాయం. వాళ్లకు ప్రభుత్వ డబ్బుతో కట్టే ఇళ్లు కావాల్సిందే. రెండూ కావాలి.

మా పక్క స్థలంలో మూడంతస్తులు వస్తే మా ఎండ, ప్రైవసీ పోవా?

కొంత పోవచ్చు, పోదని అబద్ధం చెప్పను. కిటికీలు ఎదురుబొదురుగా రాకుండా చూడటం, పై అంతస్తును వెనక్కి జరపడం, మెట్లను మీ వైపు పెట్టించడం లాంటివి డిజైన్‌లో అడగొచ్చు, అడగాలి కూడా. బిల్డింగే వద్దు అనడం కన్నా ఆ కిటికీ అక్కడొద్దు అంటే వినేవాళ్లు ఎక్కువ.

నేను అద్దెకుంటున్నాను. నా మాట ఎవరు వింటారు?

మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలు, సూచనలు తీసుకునే సమావేశాలకు సాధారణంగా వచ్చేది సొంత ఇళ్లున్నవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు. ఇంకా ఆ ఊళ్లోకి రానివాళ్లు, ఇల్లు దొరక్క వెళ్లిపోయినవాళ్లు ఎలాగూ రారు. అద్దెకున్నవాళ్లు ఐదుగురు వెళ్లి కూర్చున్నా గదిలో మాటల తీరు మారడం నేను చూశాను. వెళ్లినప్పుడు కొరత గురించి ఉపన్యాసం ఇవ్వకండి. గత ఏడాది ఎన్ని ఇళ్లకు పర్మిషన్ అడిగారు, ఎన్నింటికి ఇచ్చారు, సగటున ఎన్ని నెలలు పట్టింది, శుద్ధి ప్లాంటులో ఇంకా ఎన్ని కనెక్షన్లకు చోటుంది అని అడగండి. జవాబును మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, రాయమనండి, ఆరు నెలల తర్వాత వెళ్లి అవే నాలుగు ప్రశ్నలు మళ్లీ అడగండి.